శిక్ష నిలుపుదల షరతులను పోలీస్ స్టేషన్ వారు మార్చవచ్చా?

మీ తమ్ముడికి పడిన శిక్షను అప్పీలు తేలేవరకు సెషన్స్ కోర్టు నిలిపివేసి, నెలకోసారి స్టేషన్‌లో సంతకం చేయమని చెబితే, స్టేషన్ వారు మాత్రం ప్రతి ఆదివారం రమ్మంటున్నారని, ఆ అధికారం వారికి ఉందా అని అడిగారు. లేదండీ. షరతు పెట్టేది కోర్టు, దానిని సడలించేదీ రద్దు చేసేదీ కోర్టే. సంతకం తీసుకోవడం, మనిషి రాకపోతే ఆ సంగతి కోర్టుకు తెలియజేయడం స్టేషన్ పని. నేను న్యాయవాదిని కాను. మా బావగారి అప్పీలు కోసం మూడేళ్లు కోర్టు చుట్టూ తిరిగినప్పుడు అర్థమైన సంగతులే రాస్తున్నాను.

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 389వ సెక్షన్‌గా ఉన్న ఈ నిబంధన, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 430వ సెక్షన్ అయింది. శిక్ష మూడేళ్లకు మించకుండా, ముద్దాయి అప్పటికే బెయిలుపై ఉండి, అప్పీలుకు వెళ్తానని చెబితే, నిరాకరించడానికి ప్రత్యేక కారణాలు లేనంతవరకు శిక్ష వేసిన కోర్టే అప్పీలు వేసుకునేందుకు గడువిచ్చి విడుదల చేస్తుంది. ఆ తరువాత అప్పీలు విచారణ ముగిసేవరకు నిలుపుదల ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏ షరతులతో అన్నది పై కోర్టు నిర్ణయం. నిలిచిపోయేది శిక్ష అమలు మాత్రమే, నేరనిర్ధారణ అలాగే ఉంటుంది. అప్పీలు ఓడిపోతే, ఇలా బయట గడిపిన కాలాన్ని శిక్షాకాలంలో కలిపి లెక్కించరు. ఈ చివరి మాట మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను.

పొలం గట్టు తగాదాలో మా బావగారికి రెండేళ్ల శిక్ష పడింది. సెషన్స్ కోర్టు ఇద్దరు జామీనుదారుల పూచీకత్తు తీసుకుని, ప్రతి నెలా మొదటి సోమవారం స్టేషన్‌లో సంతకం చేయాలని, అనుమతి లేకుండా జిల్లా దాటకూడదని షరతులు పెట్టింది. కూతురి ఆపరేషన్ కోసం బెంగళూరు వెళ్లవలసి వచ్చినప్పుడు ఆయన స్టేషన్‌లో అడిగితే, అక్కడి ఉద్యోగి ఒకరు, ఒక్క నెలే కదా, వెళ్లి రండి, మేం చూసుకుంటాం అన్నారు. ఆ మాట నమ్మి వెళ్లారు. ఆయన తిరిగి వచ్చేసరికి ఆ ఉద్యోగి బదిలీ అయిపోయారు, రిజిస్టరులో ఆ నెల ఖాళీగా ఉంది, నిలుపుదల రద్దు చేయాలని అవతలి పక్షం పిటిషన్ వేసింది. నోటిమాట అనుమతికి కోర్టులో విలువ లేదని ఆ రోజు తెలిసింది. ఆసుపత్రి కాగితాలు చూపించి, క్షమాపణ చెప్పుకున్న మీదట న్యాయమూర్తి ఆ పిటిషన్ కొట్టివేశారు గాని, ఆ నెల రోజులు మా అక్క నిద్రపోలేదు. షరతు పెంచే అధికారం స్టేషన్‌కు లేనట్టే, తగ్గించే అధికారమూ లేదు. మీ తమ్ముడి విషయంలో ఈ రెండో సంగతి కూడా గుర్తుంచుకోండి.

షరతు తప్పితే స్టేషన్ నివేదిక మీదనో, పబ్లిక్ ప్రాసిక్యూటర్ పిటిషన్ మీదనో కోర్టు సంజాయిషీ అడుగుతుంది, అవసరమైతే వారంటు జారీ చేస్తుంది. పూచీకత్తు మొత్తం ఎందుకు వసూలు చేయకూడదో చెప్పమని జామీనుదారులకు కూడా నోటీసులు వెళ్తాయి. మాకు జామీను నిలబడిన వారిలో ఒకరు కౌలు రైతు, ఆయన ముఖం చూడడానికి మాకు సిగ్గేసింది.

కొందరు దీనిని ప్రొబేషన్‌తో కలిపి మాట్లాడతారు. అది వేరు. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద కోర్టు శిక్ష విధించకుండానే సత్ప్రవర్తన బాండు మీద విడిచిపెడుతుంది. అక్కడ పర్యవేక్షణ ప్రొబేషన్ అధికారిది, షరతుల మార్పు మాత్రం అక్కడా కోర్టు చేతిలోనే ఉంటుంది.

ముందుగా నిలుపుదల ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అందులో నెలకోసారి అని ఉంటే దాని నకలు జతపరిచి ఎస్‌హెచ్‌ఓకు, అంటే స్టేషన్ బాధ్యత చూసే అధికారికి, ఒక అర్జీ ఇచ్చి, అందినట్టు రశీదు అడగండి. అయినా వారం వారం రమ్మంటే, షరతు ఇచ్చిన కోర్టులోనే మీ న్యాయవాది చేత మెమో, అంటే జరిగిన సంగతి తెలిపే చిన్న కాగితం, వేయించండి. ఈలోగా ఉత్తర్వులో ఉన్న తేదీన సంతకం మాత్రం ఒక్కసారి కూడా తప్పనివ్వవద్దు, సంతకం చేసిన ప్రతిసారీ తేదీ, సమయం ఇంట్లో పుస్తకంలో రాసి పెట్టుకోండి.