టెక్ సందేహాలు: మ్యాప్ రాని 737, కిందికి దిగని 737

ప్రశ్న: ఏడాదిగా ఇంట్లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో చిన్న విమానాలు నడుపుతున్నాను. ఈమధ్య పీఎండీజీ అనే సంస్థ వాళ్ల బోయింగ్ 737 యాడ్-ఆన్ (సిమ్యులేటర్‌కు విడిగా జోడించుకునే విమానం) కొన్నాను. ఇంజన్లు స్టార్ట్ చేయడానికే గంట పట్టింది. ఎదురుగా ఉండే మ్యాప్ స్క్రీన్ ఖాళీగా ఉంటోంది. ఇంకోసారి ఎలాగో పైకి వెళ్తే, దిగాల్సిన చోట ఆటోపైలట్ అసలు కిందికి దిగలేదు. ఫైళ్లు పాడయ్యాయా? తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

జవాబు: చేయకండి. ఫైళ్లు బాగానే ఉన్నాయి. మీరు చెప్పిన రెండు సమస్యలూ అసలు 737లోనూ అచ్చం ఇలాగే వస్తాయి. మీరు డబ్బు పెట్టి కొన్నది సరిగ్గా ఆ ప్రవర్తననే.

మ్యాప్ సంగతి ముందు చూద్దాం. విమానం తానెక్కడుందో, ఏ దిక్కుకు తిరిగి ఉందో చెప్పేది ఐఆర్‌ఎస్ అనే వ్యవస్థ. దాని స్విచ్‌లు రెండు, తల మీది ప్యానెల్‌లో వెనక భాగంలో ఉంటాయి. చాలామంది కెమెరాను అంత వెనక్కి తిప్పరు, అందుకే అవి కంటపడవు. ఆ రెండింటినీ నావ్ అనే స్థానానికి తిప్పితే అలైన్ అనే తెల్ల లైట్లు వెలుగుతాయి. లోపలి జైరోలు భూమి తిరుగుడును పసిగట్టి ఉత్తరం ఎటో తేల్చుకుంటాయి. ఇది నాకు భలే ఇష్టమైన విషయం. ఉపగ్రహం సాయం లేకుండా, నేల మీద కదలకుండా నిలబడి, భూభ్రమణం నుంచి దిక్కు తెలుసుకోవడం! ఇందుకు సుమారు పది నిమిషాలు పడుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉంటే త్వరగా అయిపోతుంది, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఆలస్యమవుతుంది.

కానీ జైరోలు రేఖాంశాన్ని కనిపెట్టలేవు. అది మీరే చెప్పాలి. ఎఫ్‌ఎంసీలో, అంటే రూటు వివరాలు ఎక్కించే విమానం కంప్యూటర్‌లో, పాస్ ఇనిట్ పేజీ తెరిచి, ఖాళీ గళ్లు కనిపించే లైన్‌లో విమానం ఉన్న చోటును ఎక్కించాలి. ఎక్కించకపోతే అలైన్ లైట్లు మినుకుమినుకుమంటూ ఎదురుచూస్తాయి. ఈలోగా పార్కింగ్ బ్రేక్ తీసి విమానాన్ని కదిపారో, చేసిందంతా వృథా. లైట్లు ఆరాక మ్యాప్ దానంతటదే వస్తుంది. రోజూ పది నిమిషాలు ఆగే ఓపిక లేదనుకుంటే, విమానం సొంత సెట్టింగుల్లో అలైన్‌మెంట్ సమయం తగ్గించుకోవచ్చు. మొదటి నాలుగైదు సార్లు మాత్రం అసలు సమయమే ఉంచండి. ఆ పది నిమిషాల్లోనే రూటు, బరువు, టేకాఫ్ వేగాలు ఎక్కిస్తే ఏ పని తర్వాత ఏ పనో చేతికి అలవాటవుతుంది.

ఇక దిగకపోవడం. ఎప్పుడు ఎక్కాలో, ఎప్పుడు దిగాలో చూసుకునే ఆటోపైలట్ పద్ధతి వీన్యావ్. అది దిగాల్సిన చోటును లెక్కగట్టి పెట్టుకుంటుంది గానీ, ఆటోపైలట్ ప్యానెల్‌లో మీరు పెట్టిన ఎత్తును దాటి కిందికి పోదు. మీరు 35,000 అడుగులకు ఎక్కి ఆ అంకెను అలాగే వదిలేసి ఉంటారు. ఎఫ్‌ఎంసీ తెర మీద ‘రీసెట్ ఎంసీపీ ఆల్ట్’ (ఆటోపైలట్ ప్యానెల్‌లో ఎత్తు మార్చండి) అన్న హెచ్చరిక వచ్చే ఉంటుంది, మీరు గమనించలేదు. కింది ఎత్తును ముందే తిప్పి పెట్టడం పైలట్ పని. అనుమతి లేకుండా విమానం తనంతట తాను దిగకూడదనే అలా తయారుచేశారు. ఎప్పుడు తిప్పాలో తెలియాలంటే ఒక నోటిలెక్క చాలు: ఎత్తును వేలల్లో తీసుకుని మూడుతో గుణించండి. దిగే ఎయిర్‌పోర్టుకు ఎన్ని మైళ్ల ముందు దిగడం మొదలుపెట్టాలో వస్తుంది. 35,000 అడుగుల నుంచైతే 105 నాటికల్ మైళ్లు, వేగం తగ్గడానికి ఇంకో పది. అంతకంటే కాస్త ముందే అంకె మార్చేయండి.

పీఎండీజీ పూర్తి పేరులోనే ‘మాన్యువల్స్’ అనే మాట ఉంది. యాడ్-ఆన్‌తో వచ్చే ట్యుటోరియల్ ఫ్లైట్‌ను కాగితం పక్కన పెట్టుకుని ఒక్కసారి పూర్తిగా చేయండి. వీడియోలు పది చూసినదానికంటే ఎక్కువ వంటబడుతుంది.

ప్రశ్న: ఇలాంటి విమానాన్ని కొనకుండా ముందు ఉచితంగా ప్రయత్నించే దారి ఉందా?

జవాబు: ఉంది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో ఫ్లైబైవైర్ వాళ్ల ఏ32ఎన్‌ఎక్స్ (ఎయిర్‌బస్), ఎక్స్-ప్లేన్ అనే మరో సిమ్యులేటర్‌లో జీబో 737-800 (బోయింగ్) రెండూ ఉచితం. ఉచితం కదా అని తీసిపారేయకండి, రెండింటిలోనూ వ్యవస్థలు చాలా లోతుగా ఉంటాయి. బోయింగ్ నచ్చుతుందో, ఎయిర్‌బస్ నచ్చుతుందో వాటితో తేల్చుకుని, ఆ తర్వాతే డబ్బు పెట్టండి. ఎయిర్‌బస్ వైపు మొగ్గితే 2022లో వచ్చిన ఫీనిక్స్ ఏ320 చూడండి.

ప్రశ్న: మామూలు విమానంతో సెకనుకు 50 ఫ్రేములు వస్తుంటే, పెద్ద జెట్ యాడ్-ఆన్‌తో 25కి పడిపోతోంది. గ్రాఫిక్స్ కార్డు మార్చాలా?

జవాబు: తొందరపడి కొనకండి. సిమ్యులేటర్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే ఫ్రేముల లెక్క చూపే చిన్న పెట్టె వస్తుంది. అందులో ‘లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్’ అని ఉంటే ఇబ్బంది ప్రాసెసర్ దగ్గరుంది, కార్డు మార్చినా పెద్దగా తేడా రాదు. పెద్ద జెట్‌లో హైడ్రాలిక్స్, కరెంటు, ఇంధనం, కాక్‌పిట్‌లోని తెరలు అన్నీ క్షణక్షణం లెక్కలు వేస్తుంటాయి. పెద్ద ఎయిర్‌పోర్టులో నిలబడితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. టెరైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్‌ను (నేల ఎంత వివరంగా కనిపించాలో చెప్పే సెట్టింగు) కొంచెం దించండి, చుట్టూ తిరిగే ఇతర విమానాల సంఖ్యను తగ్గించండి. ఒక్కో సెట్టింగు మార్చినప్పుడల్లా అదే ఎయిర్‌పోర్టు, అదే గేటు, అదే వాతావరణం పెట్టి చూడండి, లేకపోతే దేనివల్ల మెరుగైందో తెలియదు.