సీలు కారుతుందా, ఆయిల్ కారుతుందా?

సందేహం: మాది బోటు ఇంజన్లు బాగుచేసే వర్క్‌షాపు. అవుట్‌బోర్డ్ మోటార్లకు (పడవ వెనక బయట బిగించే ఇంజన్లు) ప్రొపెల్లర్ షాఫ్టు ఆయిల్ సీళ్లు (షాఫ్టు చుట్టూ బిగిసి ఉండే రబ్బరు రింగులు) ఎలా మార్చాలో మా కుర్రాళ్ల కోసం తెలుగులో రాస్తున్నాను. ‘సీలు కారుతుంటే వెంటనే మార్చాలి’ అని రాశాను. మా బావగారు తెలుగు మాస్టారు. కారేది ఆయిల్ గానీ సీలు కాదన్నారు. ఇంగ్లీషు మాటకు ‘ళ’ రాదు కాబట్టి ‘సీళ్లు’ కూడా తప్పేనట. ఏది ఒప్పు?

సమాధానం: ‘సీలు కారుతోంది’ తప్పు కాదు. కారే పదార్థాన్ని వదిలేసి, కారే చోటునే కర్తను చెయ్యడం తెలుగుకు పాత అలవాటు. కుండ కారుతోంది, కుళాయి కారుతోంది అంటాం. ముక్కు కారుతోందంటే, కారేది చీమిడి కదండీ అని మీ బావగారైనా దిద్దరు.

అయినా ఆ వాక్యం మార్చమనే నా సలహా. అడ్డు వ్యాకరణం కాదు, మీ పనే. కుండ కారితే నీళ్లు బయటికి పోతాయి. ఇల్లు కారితే వాన లోపలికొస్తుంది. క్రియ ఒక్కటే, దారులు రెండు. కుండ, ఇల్లు అన్నప్పుడు ఎటు కారుతోందో అడగక్కర్లేదు. సీలు అలా కాదు. ఈ షాఫ్టు మీద సాధారణంగా రెండు సీళ్లు ఒకదానికొకటి వీపు ఆనించి ఉంటాయి. లోపలికి తిరిగిన లిప్, అంటే సీలు అంచు, గేర్ ఆయిల్‌ని ఆపుతుంది, బయటికి తిరిగినది నీళ్లను ఆపుతుంది. ప్రొపెల్లరు దగ్గర షాఫ్టుకు వల నూలో గాలపు దారమో చుట్టుకుని ఆ సీళ్లను కోసేసిందనుకోండి, ఆయిల్ బయటికి రావచ్చు, నీళ్లు లోపలికి పోవచ్చు. ‘సీలు కారుతోంది’ అంటే కుర్రాడు ఏది చూడాలి?

అందుకని విడదీసి రాయండి: ‘ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర ఆయిల్ కారుతోంది’, ‘నీళ్లు దిగి గేర్ ఆయిల్ పాలలా తెల్లబడింది’. చోటు చెప్పడం మరవకండి. డ్రెయిన్ స్క్రూ (పాత ఆయిల్ తీసే చోట ఉండే మర) వాషరు పోయినా ఆయిల్ కారుతుంది. చోటు చెప్పకపోతే మంచి సీళ్లను పీకి పారేస్తారు. బొట్టు పడకుండా సన్నగా తడి తేలితే ‘చెమర్చింది’ అనండి, మంచి మాట.

ఇక ‘సీళ్లు’ నిక్షేపంగా ఒప్పే. రైళ్లు, జైళ్లు, ఫైళ్లు ఏ భాష నుంచి వచ్చాయని? ‘ల్లు’తో ముగిసే అరువు మాటలు బిల్లులు, మిల్లులు అవుతాయి, సీలు ఆ కోవ కాదు. ‘షాఫ్టులు’ అనే రాయండి, ‘షాఫ్ట్లు’కు నోరు తిరగదు. వర్క్‌షాపుల్లో వినపడే ‘సీల్స్‌లు’ మాత్రం వద్దు. బహువచనం ఒకసారి చాలు.