వడుగర్‌కీ వడుగుకీ చుట్టరికం ఉందా?

సందేహం: మాది చెన్నైలోని పెరంబూరు. తరాలుగా ఇక్కడే ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఇరుగుపొరుగు పెద్దవాళ్ళు మమ్మల్ని 'వడుగర్' అంటారు. వడుగు, అంటే ఉపనయనం, చేసుకునేవాళ్ళం కనుక అలా అంటారని మా మామగారు చెప్పేవారు. కానీ మా ఇళ్ళల్లో వడుగు ఆచారమే లేదు. మొన్న మా మనవణ్ణి స్కూల్లో 'గొల్టి' అన్నారట, ఏడుస్తూ వచ్చాడు. ఈ రెండూ తిట్లేనా? తెలుగులో 'వడుగర్లు' అని రాయవచ్చా?

సమాధానం: అమ్మా, 'వడుగర్' తిట్టు కాదు. తమిళంలో 'వడ' అంటే ఉత్తరం. మీరు రోజూ వినే వడపళని, వడచెన్నైలలో ఉన్నది అదే. వడుగర్ అంటే ఉత్తరాదివాళ్ళు. తమిళ దేశానికి ఉత్తరాన వేంగడం, దక్షిణాన కుమరి హద్దులని పాత తమిళ వ్యాకరణం తొల్కాప్పియం పీఠికలోనే ఉంది. వేంగడమంటే మన తిరుమల కొండ. ఆ కొండ దాటాక వేరే భాష మాట్లాడేవాళ్ళను వడుగర్ అన్నారు. తమిళంలో అతి పాతదైన సంగం కవిత్వంలోనే ఈ పేరు కనిపిస్తుంది, అంత పాతది. కన్నడంలో వకారం బకారమై ఇదే మాట 'బడగ' అయింది. నీలగిరి బడగలు తెలుగువాళ్ళు కారు. మైసూరు వైపు నుంచి, అంటే ఆ కొండలకు ఉత్తరం నుంచి వచ్చారు గనుక వాళ్ళకు ఆ పేరు.

మీ మామగారు అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. మన వడుగు సంస్కృతంలోని 'వటువు' నుంచి వచ్చింది. పోతన భాగవతంలో బలిచక్రవర్తి వామనుణ్ణి 'వడుగా' అని పిలుస్తాడు, బ్రహ్మచారీ అని. తమిళ లిపిలో ట, డలకు ఒకటే అక్షరం. దాంతో బాలుడి రూపంలో కొలిచే వటుక భైరవుడి పేరూ తెలుగువాడి పేరూ అక్కడ ఒకేలా 'వడుగన్' అయ్యాయి. రాతలో కలిశాయి తప్ప ఒకటి సంస్కృతం నుంచి వచ్చింది, రెండోది అచ్చంగా ద్రావిడం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. తమిళనాడు వెనుకబడిన తరగతుల జాబితాలో గవర, గవరైలతో పాటు వడుగర్ కూడా ఒకే పద్దులో ఉంది. కమ్మ, కాపు, బలిజ, రెడ్డి కులాలు అందులోకి రావని పక్కనే రాసి ఉంటుంది. ఒకప్పుడు తెలుగువాళ్ళందరినీ పిలిచిన పేరు సర్కారు కాగితం మీద ఇలా చిక్కిపోయింది. కాబట్టి తెలుగు మాట్లాడతాం కదా అని సర్టిఫికెట్ల దగ్గర ఆ మాట రాయించకండి.

ఇదే మద్రాసులో కంపెనీ దొరలు మనల్ని 'జెంటూ'లన్నారు. క్రైస్తవులు కానివాళ్ళకు పోర్చుగీసువాళ్ళు వాడిన మాట అది. బెంగాల్‌లో దానికి హిందువు అని అర్థం, ఇక్కడ తెలుగు అని. 1816లో కాంప్‌బెల్ అనే కంపెనీ అధికారి తన వ్యాకరణానికి తెలుగు పేరే పెట్టినా, మరుసటి ఏడు వచ్చిన విలియం బ్రౌన్ వ్యాకరణం మన భాషను జెంటూ అనే అంది. ఆ మాట ఇప్పుడు ఎవరి నోటా లేదు, పోయిందే మంచిది.

'గొల్టి' సంగతి వేరు. ఇంగ్లీషులో తెలుగు అన్న మాట అక్షరాలు తిరగేస్తే పుట్టిందని చెప్పుకుంటారు. ఎలా పుట్టినా వాడేది వెక్కిరించడానికే. సరదాకి అన్నార్లే అని పిల్లవాడికి సర్దిచెప్పకండి, వెళ్ళి టీచరుతో మాట్లాడండి. మనమూ మన నోరు చూసుకోవాలి. 'అరవ' అన్నది అరువనాడు అనే పాత తమిళ ప్రాంతం పేరు నుంచి వచ్చిందని పండితులు చెప్పేమాట, అందులో తప్పేం లేదు. కానీ 'అరవ ఏడుపు' అని మనం అంటుంటే పక్కింటి తమిళుడికి ఎలా ఉంటుంది? మలేసియాలో దక్షిణ భారతీయులను పిలిచే 'కెలింగ్' కూడా కళింగ నుంచి వచ్చిన మాటే. పినాంగులో కపితాన్ కెలింగ్ మసీదు ఆ పేరుతోనే గౌరవంగా నిలిచి ఉంది. వీధిలో ఒక తమిళుణ్ణి ఆ మాటతో పిలిస్తే మాత్రం తగాదా అవుతుంది.

ఇక రాత. వడుగర్‌లో చివరి 'అర్' తమిళ బహువచనమే, మన 'వారు'లోని రు లాంటిది. దానికి మళ్ళీ 'లు' తగిలించి వడుగర్లు అనక్కర్లేదు. 'వడుగులు' అంటే ఉపనయనాలు అనుకుంటారు. 'వడుగరు' అని రాయండి, సరిపోతుంది.