ఎండలో ఆగిపోయే పాత మారుతి 800ని ఇంట్లో మనమే చూసుకోవచ్చా?

మీరడిగింది: నాన్నగారి 1997 మారుతి 800 పొద్దున్నే బాగానే స్టార్టవుతోంది, మధ్యాహ్నం ఎండలో అరగంట తిరిగితే ఆగిపోతోంది, కాసేపు నీడలో పెడితే మళ్లీ నడుస్తోంది. మెకానిక్ ఇంజిన్ పని వచ్చిందంటున్నాడు. పానా పట్టుకోవడం కూడా సరిగా రాని నేను దీన్ని ఇంట్లో చూసుకోగలనా?

చూసుకోగలరు. ఎందుకంటే సరిగ్గా ఇదే జబ్బు మా 1996 బండికి వచ్చింది. నేను మెకానిక్‌ని కాదండీ, విజయవాడలో బ్యాంకు ఉద్యోగిని. ఆదివారాలు పోర్టికోలో బండి కింద దూరడం తప్ప వేరే శిక్షణ లేదు. మా అమ్మయితే "ఇంటికి కారుందా, కారుకి ఇల్లుందా?" అని అడిగేది.

ముందు ఆ ఇంజిన్ పని మాట పక్కన పెట్టండి. ఇంజిన్ నిజంగా అరిగిపోతే పొగ వస్తుంది, ఆయిల్ తాగుతుంది, ఫ్లైఓవర్ ఎక్కడానికి మూలుగుతుంది. అరగంట నీడలో నిలబెడితే నయమైపోదు. వేడెక్కితే వచ్చి, చల్లబడితే పోయే రోగానికి ఎక్కువగా రెండే దార్లు: ఇంజిన్‌లో పెట్రోల్‌ని అంటించే ప్లగ్గుకి కరెంటు రావడం లేదు, లేదా పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కిచ్చే కార్బురేటర్‌కి పెట్రోల్ అందడం లేదు. ఏదో తేల్చుకోకుండా ఒక్క స్పేరు కూడా కొనకండి. నేను తేల్చుకోకుండానే కార్బురేటర్ కిట్టు, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాపు, ప్లగ్గు వైర్లు కొన్నాను. బండి మాత్రం అలాగే ప్రకాశం బ్యారేజీ మీద ఆగి, వెనకవాళ్ల హారన్లన్నీ వినిపించింది.

కరెంటు చూడటానికి డ్యాష్‌బోర్డులో ఒక పాత ప్లగ్గు పడేసుకోండి. బండి ఆగినప్పుడు, ముందు పెట్రోల్ వాసన ఎక్కడా లేదని చూసుకుని, ఇంజిన్ మీది ప్లగ్గు వైరొకటి ఊడదీసి ఈ పాత ప్లగ్గుకి తగిలించండి. దాని మర (చుట్లు చుట్లుగా ఉండే) భాగం ఇంజిన్ ఇనుముకి ఆనించి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో పట్టుకుని, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. టపటపా నీలంగా మెరిస్తే కరెంటు ఉన్నట్టే.

ఇంజిన్‌లో ఉన్న ప్లగ్గే విప్పి చూడొచ్చు కదా అంటారేమో. నేను అలాగే చేశాను. రోడ్డు పక్కన, కాలిపోతున్న ఇంజిన్ మీద. ఈ బండి హెడ్డు, అంటే ప్లగ్గులు బిగించే ఇంజిన్ పైభాగం, అల్యూమినియంది, వేడి మీద విప్పితే మర దెబ్బతింటుంది. పైగా తిరిగి పెట్టేటప్పుడు కంగారులో వంకరగా ఎక్కించి, బిగుసుకుంటోందిలే అనుకుని పానాతో తిప్పేశాను. మర పోయింది. హెడ్డు దింపించి, ఆటోనగర్లో లేత్ దగ్గర కొత్త మర బుష్షు వేయించుకోవాల్సి వచ్చింది. అసలు రోగానికి అయిన ఖర్చు దీని ముందు లెక్కలోకి రాదు. అప్పటినుంచి ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాకే ప్లగ్గు విప్పుతున్నాను. బిగించేటప్పుడు ప్లగ్గు వెనక్కి జానెడు రబ్బరు పైపు తొడిగి, ఆ పైపునే వేళ్లతో తిప్పుతాను. మర వంకరగా ఎక్కితే పైపు జారిపోతుంది తప్ప బలవంతంగా తిరగదు.

మా బండికి కరెంటు భేషుగ్గా ఉంది. ఇక మిగిలింది పెట్రోలు. ఇంజిన్ గదిలో ఉండే చిన్న ప్లాస్టిక్ పెట్రోల్ ఫిల్టర్‌లోంచి లోపల కనిపిస్తుంది. అందులో కొంచెం గాలి ఎప్పుడూ ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. కానీ మా బండి ఆగినప్పుడల్లా ఫిల్టర్ దాదాపు ఖాళీగా ఉండేది, ట్యాంకులో మాత్రం సగం పెట్రోలు.

ఈ కార్బురేటర్ బండ్లలో పెట్రోల్ పంపు ఇంజిన్ మీద ఉంటుంది, ట్యాంకు వెనక ఉంటుంది. అంటే పంపు పెట్రోల్‌ని అంత దూరం నుంచి పీల్చుకోవాలి. ఆ దారిలో రబ్బరు పైపు చీలితే బయటికి చుక్క కూడా కారకపోవచ్చు, లోపలికి గాలి పోతుంది. పగిలిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టు! అందుకే మెకానిక్కి గానీ నాకు గానీ తడి కనిపించలేదు. వెనక ట్యాంకు దగ్గర, క్లిప్పు కింద పైపుని వేలితో వంచితే నాలుగైదు సన్నటి బీటలు నోరు తెరిచాయి. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా పట్టుకున్న రబ్బరు, వేడికి మెత్తబడగానే వదిలేసేది.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మన బండ్లు తయారైన నాటి రబ్బరుకి అది పడదు. కొత్త పైపు కొనేటప్పుడు ఇథనాల్‌కి ఆగే పెట్రోల్ పైపు కావాలని గట్టిగా అడగండి. ఓ కొట్టతను నాకు వైపర్ నీళ్ల పైపు అంటగట్టబోయాడు. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న రబ్బరు ముక్కలన్నీ, క్లిప్పులతో సహా, ఒకేసారి మార్చేయండి. సామాను దొరకదేమోనన్న బెంగ వద్దు. 800 తయారీ 2014లో ఆగినా, అదే 796 సీసీ ఇంజిన్‌తో ఓమ్నీ 2019 దాకా వచ్చింది.

వెనక పైపుల కోసం బండి లేపాలి కాబట్టి ఒక్క మాట. బండితో వచ్చిన జాకీ టైరు మార్చడానికే, దాని మీద నమ్మకంతో కింద దూరకండి. సిమెంటు ఇటుకలు అసలే వద్దు, చెప్పకుండా పగిలిపోతాయి. రెండు జాకీ స్టాండ్లు కొనుక్కుని, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, స్టాండ్ల మీద దింపాక బండిని ఓసారి ఊపి చూసి అప్పుడు దూరండి. పెట్రోల్ పైపు ఊడదీసే రోజు ఇంజిన్ చల్లగా ఉండాలి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి ఉండాలి, పని ఆరుబయటే చేయాలి. వెలుతురుకి వైరు బల్బు వద్దు, సెల్‌ఫోన్ కూడా వద్దు, పగలే చేయండి.

టైమింగ్ బెల్టు, బ్రేకులు నేను ఇప్పటికీ ముట్టుకోను. బ్రేకు ఆయిల్ మట్టం చూస్తాను, అంతే.

పైపులు మార్చాక కూడా ఆగితే, ఆగిన నిమిషంలోనే పాత ప్లగ్గుతో చూసి కరెంటు ఉందో లేదో ఇక్కడే కింద రాయండి. కరెంటు లేకపోతే, ప్లగ్గులకి కరెంటు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ వేడికి చచ్చి, చల్లబడ్డాక లేస్తోందని నాకు అనుమానం, అక్కణ్నించి మొదలుపెడదాం.