ఆపరేషన్ తర్వాత కడుపులో గుడగుడలు: నా అనుభవం

బరువు తగ్గడానికి చేసే గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్) అయి నాలుగు నెలలైందని, మీటింగుల్లో కడుపు గుడగుడమంటే పక్కవాళ్లకు కూడా వినబడుతోందని, ఆ టెన్షన్‌తో మధ్యాహ్నం తినడమే మానేస్తున్నానని రాశారు. ముందు ఆ చివరి మాట గురించి చెబుతాను. దయచేసి తిండి మానకండి. ఖాళీ కడుపే ఎక్కువ చప్పుడు చేస్తుంది. ఏమీ తినని సమయంలో సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి పేగులు లోపల మిగిలినదాన్ని ఊడ్చుకుంటూ గట్టిగా కదులుతాయి. అప్పుడు లోపల ఉన్నది గాలి, నీళ్లే అయితే ఆ శబ్దం ఇంకా బాగా వినబడుతుంది. పైగా ఈ నెలల్లో ప్రోటీన్ తగ్గితే జుట్టు రాలుతుంది, కండ కరుగుతుంది.

నేను స్లీవ్ (బరువు తగ్గడానికే పొట్టలో ఎక్కువ భాగం తీసేసి సన్నటి గొట్టంలా ఉంచే ఆపరేషన్) చేయించుకుని మూడేళ్లు దాటింది. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆపరేషన్ అయిన ఐదో నెలలో టెన్త్ పరీక్షల డ్యూటీ పడింది. పేపర్లు ఇచ్చేశాక హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి నా కడుపులోంచి బిందెలో నీళ్లు ఒంపినట్టు పెద్ద శబ్దం. మొదటి బెంచీ పిల్ల రాస్తున్నదల్లా తలెత్తి చూసింది. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను, అక్కడా వచ్చింది. ఆ పూటంతా కూర్చోకుండా తిరుగుతూనే ఉన్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను. అందుకే మీ బాధ నాకు బాగా తెలుసు.

తర్వాత చెకప్‌కి వెళ్లినప్పుడు డైటీషియన్ నన్ను తన ముందే నీళ్లు తాగమన్నారు. చిన్నప్పటి నుంచీ ఎంగిలి కాకుండా ఎత్తి పోసుకోవడమే అలవాటు కదా, బాటిల్ ఎత్తి గటగటా తాగాను. "నీళ్లకంటే గాలే ఎక్కువ మింగుతున్నారు, చూడండి" అన్నారావిడ. చిన్నదైపోయిన పొట్టలో ఆ గాలికి చోటెక్కడిది? కొంత తేన్పుగా పోతుంది, మిగతాది నీళ్లతో కలిసి పేగుల్లోకి దిగి గుడగుడలాడుతుంది. ఆ రోజు నుంచి చిన్న స్టీలు గ్లాసు పెదవికి ఆనించి గుక్కెడు గుక్కెడుగా తాగుతున్నాను. వారం తిరిగేసరికి తేడా తెలిసింది. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే, మీరూ ముందు దీనితో మొదలుపెట్టండి.

అన్నం మధ్యలో నీళ్లు వద్దు, తిన్నాక అరగంట ఆగండి. స్ట్రా, సోడా, చూయింగ్ గమ్ మానేయండి. షుగర్ ఫ్రీ అని అమ్మే చాక్లెట్లలో సార్బిటాల్, మాల్టిటాల్ అనే తీపి పదార్థాలు ఉంటే అవి పేగుల్లో పులిసి గ్యాస్ చేస్తాయి. పాలు కూడా చూసుకోండి. బైపాస్ తర్వాత చాలామందికి పాలు పడవు. నాది స్లీవ్ అయినా పాలు పడలేదు. ప్రోటీన్ పొడి పాలలో కలపడం మాని, ఐసోలేట్ రకం (పాల చక్కెర చాలావరకు తీసేసిన పొడి) తెచ్చుకుని నీళ్లలో కలుపుకున్నాను. పెరుగు, పల్చటి మజ్జిగ మాత్రం హాయిగా సరిపోయాయి. మీటింగ్‌కి అరగంట ముందు ఒక ఉడికించిన గుడ్డో, నాలుగు పనీర్ ముక్కలో మెల్లగా నమిలి తినండి.

ఇంకోటి, పక్క సీటులో మీకు నమ్మకమైనవాళ్లు ఒక్కరికైనా విషయం చెప్పండి. నేను స్టాఫ్ రూంలో ఒక టీచర్‌కి చెబితే "అంతేనా అక్కా, నేనింకా నీకు ఒంట్లో బాగోలేదేమో అనుకుంటున్నా" అంది. ఆ తర్వాత నాకు సగం భయం పోయింది. ఇప్పటికీ లంచ్ బెల్లుకి ముందు అప్పుడప్పుడు వస్తుంది, కానీ పాఠం ఆపను.

వట్టి చప్పుడైతే భయం లేదు. దాంతోపాటు మెలిపెట్టే నొప్పి, వాంతులు, కడుపు ఉబ్బి గ్యాస్ గానీ విరేచనం గానీ కాకపోవడం, జ్వరం, గుండె దడ, వీటిలో ఏది ఉన్నా ఆగకండి. బైపాస్ అయినవాళ్లకు నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా పేగు లోపలి సందులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. గ్యాసేలే అని సోడా తాగి తెల్లారేదాకా చూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అక్కడ ఎవరు డ్యూటీలో ఉన్నా, బైపాస్ అయిందని మొదటి మాటగా చెప్పండి.