కజకిస్తాన్ ‘సంతకం చేసిందా’, ‘చేరిందా’?

సందేహం: గురువుగారూ, గ్రూప్స్‌కు తెలుగు మీడియంలో చదువుతున్నాను. ఒక మెటీరియల్‌లో ‘అణు రహిత దేశమైన కజకిస్తాన్ 1994లో అణ్వాస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై సంతకం చేసింది’ అని ఉంది. ఇంకో పుస్తకంలో ‘ఒప్పందంలో చేరింది’ అనీ, మరోచోట ‘ధ్రువీకరించింది’ అనీ చూశాను. మూడూ ఒకటేనా? ఆయుధాలు వద్దనుకున్న దేశాలన్నిటికీ ‘నిరాయుధీకరణ’ అనే మాట వాడొచ్చా? పరీక్షలో ఏది రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: అమ్మా, మీరు చూపిన ఆ ఒక్క వాక్యంలోనే సరిచేయాల్సినవి మూడు ఉన్నాయి. చిన్నదానితో మొదలుపెడతాను. ‘అణ్వాస్త్రం’ తప్పు. అణు + అస్త్రం కలిస్తే యణాదేశ సంధి వల్ల ‘అణ్వస్త్రం’ అవుతుంది, దీర్ఘం రాదు. అణు + ఆయుధం ‘అణ్వాయుధం’ అవుతుంది కాబట్టి ఆ దీర్ఘం చాలామంది నాలుక మీద ఉండిపోయి ఇక్కడికీ వచ్చేస్తోంది.

ఇక ‘నిరాయుధీకరణ’. ఈ మాటలో బలమంతా చివరనున్న ‘ఈకరణ’లో ఉంది. సంస్కృత వ్యాకరణం దీన్ని ‘చ్వి’ ప్రత్యయం అంటుంది. అంతకుముందు అలా లేనిదాన్ని అలా చేయడం అని దాని అర్థం. ‘విద్యుదీకరణ’ అంటే కరెంటు లేని ఊరికి కరెంటు తేవడం. కరెంటు ఉన్న ఊరిని విద్యుదీకరించారని ఎవరూ అనరు. అలాగే చేతిలో ఆయుధం ఉన్నవాడే దాన్ని వదిలేసి నిరాయుధుడు కాగలడు. మొదటినుంచీ లేనివాడు నిరాయుధుడే గాని నిరాయుధీకరణ జరిగినవాడు కాదు. అణ్వస్త్రాలు ఎప్పుడూ లేని దేశం ఇకముందూ తయారుచేయనని మాట ఇస్తే అది ‘వ్యాప్తి నిరోధం’ కిందికి వస్తుంది.

కజకిస్తాన్‌కు మాత్రం ‘అణు నిరాయుధీకరణ’ అన్న మాట అక్షరాలా సరిపోతుంది. సోవియట్ యూనియన్ విడిపోయేనాటికి ఆ నేలమీద 1,400కు పైగా అణ్వస్త్రాలు ఉండిపోయాయి. 1995 ఏప్రిల్ నాటికి వాటన్నిటినీ రష్యాకు పంపేశారు. అంతకుముందు 40 ఏళ్లపాటు, 1949 నుంచి 1989 వరకు, సెమీపలాటిన్స్క్ మైదానంలో సోవియట్ ప్రభుత్వం 456 అణుపరీక్షలు జరిపింది. చుట్టుపక్కల పల్లెల జనం రేడియేషన్ బారిన పడ్డారు. 1989 ఫిబ్రవరిలో ఒల్జాస్ సులేమెనోవ్ అనే కవి టీవీలో ఈ పరీక్షల గురించి మాట్లాడి జనాన్ని కదిలించాడు. అక్కడ పుట్టిన ఉద్యమం పేరు ‘నెవాడా–సెమీపలాటిన్స్క్’. అమెరికా పరీక్షలు చేసిన చోటునూ, సోవియట్ పరీక్షలు చేసిన చోటునూ ఒకే పేరులో పక్కపక్కన పెట్టారు. మాటలతో బతికేవాణ్ని కదా, ఆ పేరు చదివినప్పుడల్లా నా మనసు నిండిపోతుంది. 1991 ఆగస్టు 29న ఆ పరీక్షా కేంద్రాన్ని మూసేశారు. మొదటి సోవియట్ బాంబు పేలింది కూడా 1949లో అదే తేదీన. ఇప్పుడు ఐక్యరాజ్యసమితి ఆ రోజును అణుపరీక్షల వ్యతిరేక దినంగా పాటిస్తోంది.

అయితే ‘అణ్వస్త్ర నిరాయుధీకరణ’ అని రాయకండి. అస్త్రం, ఆయుధం రెండూ చేరి మాట బరువెక్కుతుంది. ‘అణు నిరాయుధీకరణ’ చాలు. ‘నిరస్త్రీకరణ’ కూడా తప్పు కాదు గాని వాడుకలో తక్కువ.

మీ మెటీరియల్‌లోని ‘అణు రహిత దేశం’ మరీ పెద్ద పొరపాటు. ప్రపంచంలో అన్ని దేశాలకన్నా ఎక్కువగా యురేనియం తవ్వి తీస్తున్నది కజకిస్తానే. మన దేశమూ అక్కడినుంచి కొన్నది. 2024 అక్టోబరులో అణు విద్యుత్ కేంద్రం కట్టడానికి అక్కడి ప్రజలు రెఫరెండంలో సరేనన్నారు. అలాంటి దేశం అణు రహితం ఎలా అవుతుంది? ‘అణ్వస్త్ర రహిత’ అనాలి. ‘నిరాయుధ దేశం’ అన్నా తప్పే, ఎందుకంటే వాళ్లకు మామూలు ఆయుధాలతో సైన్యం ఉంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. సంతకం, ధ్రువీకరణ, చేరిక ఒకటి కావు. ఇంటి స్థలం కొనేటప్పుడు ముందు అగ్రిమెంటు రాసుకుంటాం, తర్వాత రిజిస్ట్రేషన్ చేయించుకుంటాం. అగ్రిమెంటు మాట కట్టు, రిజిస్ట్రేషన్‌తోనే స్థలం మనదవుతుంది. దేశాల ఒప్పందాల్లోనూ సంతకం మొదటి మెట్టు. ఆ తర్వాత సాధారణంగా దేశంలోని చట్టసభ ఆమోదం పొంది, దానికి కట్టుబడతామని పత్రం దాఖలు చేయడమే ధ్రువీకరణ. అణుపరీక్షల సమగ్ర నిషేధ ఒప్పందంపై కజకిస్తాన్ 1996లో సంతకం చేసి 2002లో ధ్రువీకరించింది. అదే ఒప్పందంపై అమెరికా 1996లోనే సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. ఈ రెండు మాటలూ కలిపేస్తే ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నట్టు కనిపిస్తారు.

వ్యాప్తి నిరోధక ఒప్పందం దారి వేరు. దాన్ని 1968లో సంతకాలకు పెట్టారు, 1970లో అమల్లోకి వచ్చింది. అప్పటికి కజకిస్తాన్ సోవియట్ యూనియన్‌లో భాగం. అమల్లోకి వచ్చాక వచ్చే దేశానికి సంతకం మెట్టు ఉండదు, నేరుగా చేరిక పత్రం ఇస్తుంది. 1994 ఫిబ్రవరి 14న కజకిస్తాన్ చేసింది అదే. కాబట్టి ‘చేరింది’ అన్న పుస్తకమే ఒప్పు.

‘ధ్రువీకరించింది’ అన్నచోట ఒక్క జాగ్రత్త. ‘మరణించినట్టు పోలీసులు ధ్రువీకరించారు’ అని రోజూ చదివే మన కంటికి, ఒప్పందం గురించి ఆ మాట చూడగానే ‘నిజమేనని చెప్పింది’ అనే అర్థమే తడుతుంది. అందుకే నేనైతే ‘పార్లమెంటు ఆమోదంతో ధ్రువీకరించింది’ అని రాస్తాను. ఇంకో మాట, దీన్ని ‘సంధి’ అనకండి. సంధి యుద్ధం చేసుకుంటున్నవాళ్ల మధ్య కుదిరేది. ‘ఒప్పందం’, ‘ఒడంబడిక’ రెండూ బాగుంటాయి.

మీ వాక్యాన్ని ఇలా రాసుకోండి: ‘తన నేలమీది అణ్వస్త్రాలను వదులుకోవడానికి ఒప్పుకున్న కజకిస్తాన్, 1994లో అణ్వస్త్ర రహిత దేశంగా అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది.’