కొత్తగా వచ్చినవాళ్ల మీదే నేరగాళ్ల కన్ను ఎందుకు పడుతుంది?

విదేశానికి కొత్తగా వచ్చే పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ తప్పకుండా అడిగే సందేహం "ఆ ఊరు సేఫేనా?" అని. నేను తిరిగి కొన్ని ప్రశ్నలు వేస్తాను. ఏం పని చేస్తారు? ఇంటికి ఏ వేళకు చేరతారు? ఎవరితో కలిసి ఉంటారు? డబ్బుకీ, వీసాకీ ఎవరి మీద ఆధారపడ్డారు? ఇవి తెలియకుండా ఊరి పేరు ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. ఒకే వీధిలో ఒకరికి ఏళ్ల తరబడి ఏమీ జరగదు, పక్కింటివాళ్లకు ఏడాదిలోనే రెండుసార్లు జరుగుతుంది.

అమెరికాలో 1973 నుంచి, బ్రిటన్‌లో 1982 నుంచి ప్రభుత్వాలు సర్వేలు పెట్టి, "మీకేమైనా జరిగిందా?" అని జనాన్నే నేరుగా అడుగుతున్నాయి. పోలీసు రికార్డుల్లోకి ఎక్కని నేరాలు చాలా ఉంటాయని తెలిసే ఆ పని మొదలుపెట్టారు. అమెరికాలో ఇటీవలి లెక్కల ప్రకారం దాడులు, దోపిడీల వంటి నేరాల్లో పోలీసుల దాకా వెళ్తున్నవి సగం కూడా లేవు. వయసు పైబడినవాళ్లు భయపడతారు గానీ, దాడులు ఎక్కువగా జరిగేది కుర్రవాళ్ల మీద. పేదలు, దివ్యాంగులు మిగతావాళ్ల కంటే ఎక్కువగా బాధితులవుతున్నారు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రపంచం మొత్తం మీద హత్యకు గురయ్యేవాళ్లలో దాదాపు 80 శాతం మగవాళ్లే. కానీ ఐక్యరాజ్యసమితి లెక్కల్లో, హత్యకు గురైన ఆడవాళ్లలో సగానికి పైగా భర్త, ప్రియుడు లేదా కుటుంబసభ్యుల చేతుల్లోనే చనిపోతున్నారు. "చీకటి పడకముందే ఇంటికి వచ్చెయ్" అని చెప్పే మనం, ఆ ఇంట్లో ఎలా ఉంది అని కూడా అడగాలి. డిపెండెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయి పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి. ఆమె పేరు మీద బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు ఉండాలి. ఇది పెళ్లి మీద అనుమానంతో చెప్పే మాట కాదు, కనీస జాగ్రత్త.

కొత్తవాళ్లను ఎంచుకోవడానికి పెద్ద కారణం, వీళ్లు ఫిర్యాదు చెయ్యరన్న ధీమా. రాత్రి షిఫ్టులో ఒంటరిగా క్యాష్ కౌంటర్ దగ్గర నిలబడేవాడికి ముప్పు ఎక్కువ. పని చేసే అనుమతి లేకుండా అక్కడ ఉన్నవాడైతే జీతం ఎగ్గొట్టినా, కొట్టినా నోరెత్తడు. ఇమిగ్రేషన్ అధికారినంటూ ఫోన్ చేసి గిఫ్ట్ కార్డులు కొనమనే మోసగాడి ధైర్యం కూడా ఇదే. ఏ ప్రభుత్వ కార్యాలయమూ డబ్బును గిఫ్ట్ కార్డుల రూపంలో అడగదు. వెంటనే ఫోన్ పెట్టెయ్యండి.

వీసా పోతుందని నోరు మూసుకోకండి. బాధితుల హక్కులపై ఐరోపా సమాఖ్య 2012లో తెచ్చిన ఆదేశం, ఆ మనిషికి అక్కడ ఉండే అనుమతి ఉందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా వర్తిస్తుంది. అమెరికాలో కొన్ని తీవ్రమైన నేరాల బాధితులు దర్యాప్తుకు సహకరిస్తే యూ వీసాకు (నేర బాధితులు కొంతకాలం అక్కడే ఉండనిచ్చే వీసా) దరఖాస్తు చేసుకునే వీలును 2000లో వచ్చిన చట్టం కల్పించింది. పత్రాల చిక్కు ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవండి. ప్రాణం మీదకు వస్తే మాత్రం లాయరు కోసం ఆగకుండా పోలీసులకు ఫోన్ చెయ్యండి.

ఒకసారి దొంగలు పడిన ఇంటికి మళ్లీ రారనుకోవడం పొరపాటు. తొలి కొద్ది వారాల్లోనే మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో, కిర్క్‌హోల్ట్ అనే కాలనీలో 1980లలో ఇది గమనించి, దొంగతనం జరిగిన ఇళ్ల మీదే దృష్టి పెట్టారు. తాళాలు గట్టివి వేశారు, చుట్టుపక్కలవాళ్లు ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉన్నారు. దొంగతనాలు బాగా తగ్గాయి. కాబట్టి తాళం మార్చడం జీతం వచ్చేదాకా వాయిదా వెయ్యకండి. అద్దె ఇల్లయితే ఆ రోజే యజమానికి రాతపూర్వకంగా తెలియజేయండి.

పోయిన వస్తువు ఒకటే అయినా, పడే దెబ్బ అందరికీ ఒకటి కాదు. ఇన్సూరెన్స్ ఉన్నవాడు ల్యాప్‌టాప్ మళ్లీ కొనుక్కుంటాడు. లేనివాడు అప్పు చేస్తాడు, లేదా సెమిస్టర్ నష్టపోతాడు. నిద్ర పట్టదు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు, క్లాసులు మానేస్తాడు. ఆ సమయంలో మనవాళ్లే "ఆ టైంలో అక్కడికెందుకు వెళ్లావు?" అంటారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. అది విన్నవాడు ఇక ఎవరికీ ఏమీ చెప్పడు.

ఆ ప్రశ్నకు బదులు దెబ్బలేమైనా తగిలాయా అని అడగండి. స్టేషనుకు తోడు వెళ్లండి, కావాలంటే అనువాదకుణ్ణి అడగండి, రిపోర్టు నంబరు రాసుకోండి. ఇన్సూరెన్సుకీ, పోయిన పాస్‌పోర్టుకీ అది కావాలి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు కౌన్సెలింగ్ ఉచితం, అపాయింట్‌మెంట్ తీసుకోవడంలో సాయపడండి. మొదటి వారం అందరూ వస్తారు. కేసు నెలల తరబడి నడుస్తుంది, కోర్టు తేదీ వచ్చేసరికి పక్కన ఎవరూ ఉండరు. ఆ తేదీ మీ ఫోన్‌లో కూడా పెట్టుకుని, ఆ రోజు సెలవు పెట్టి వెళ్లండి.